అమ్మానాన్నల సంగతి, అందరూ చదవండి

అన్నయ్యా, వదినా, చెల్లీ, నిన్న నాన్న మందుల డబ్బా చూశాను. పొద్దున వేసుకోవాల్సిన బీపీ మాత్రలు రాత్రి గడిలో ఉన్నాయి. అమ్మకి చూపు ఆనడం లేదు, అన్నీ ఆవిడ మీదే వదిలేస్తే కుదరదు. పగటిపూట ఒక ఆయమ్మను పెడదాం, జీతం ముగ్గురం పంచుకుందాం. వారానికి సరిపడా మందులు గడుల్లో సర్దే పని నాది.

ఇద్దరికీ 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. ఆదాయంతో పని లేదు, ఆధార్‌తో ఇస్తారు. ఇద్దరికీ కలిపి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఉచితం. చెల్లీ, ఇది నువ్వు చూడమ్మా. అమ్మ ఫోన్‌లో 108, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 సేవ్ చేశాను.

నాన్నని అడగకుండా ఏదీ ఖాయం చేయొద్దు. ఊరూ పొలం వదిలి రానంటున్నారు, ఆ మాటకి విలువ ఇవ్వాలి. ఆదివారం రాత్రి 9కి వీడియో కాల్‌లో ఆయన్నీ కూర్చోబెడతాను. వీలుకాని వాళ్లు ఈ రోజే చెప్పండి.