కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: గ్రంథాలయ కంప్యూటర్ల తాళం మన దగ్గరే ఉండాలి

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

మా శాఖా గ్రంథాలయం కంప్యూటర్ల గురించి మూడుసార్లు అర్జీ ఇచ్చాను. జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందు రాస్తున్నాను.

అక్కడి పన్నెండు కంప్యూటర్లకు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ పెట్టి, ఎవరికీ చెప్పకుండా సరఫరాదారు వెళ్లిపోయాడు. తయారీ సంస్థ ఆ ప్రోగ్రామ్‌కు (దీన్నే ఫర్మ్‌వేర్ అంటారు) అప్‌డేట్లు ఆపేసింది. వాడలేక, బాగున్న యంత్రాలకు గుడ్డ కప్పి ఉంచారు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు బయట నెట్ సెంటర్లో డబ్బు కట్టి, తమ ఆధార్ కాపీలను ఎవరి కంప్యూటర్లోనో వదిలి వస్తున్నారు. ఒక అమ్మాయి తన ఫొటోలు అక్కడ ఉండిపోయాయని వారం రోజులు టెన్షన్‌తో నిద్రపోలేదు.

ఈ ఫర్మ్‌వేర్ విండోస్ కన్నా ముందే మేలుకుంటుంది. అందులో లోపముంటే పైనున్న యాంటీవైరస్‌కు చాలాసార్లు తెలియనే తెలియదు. 2017లో ఇంటెల్ చిప్‌లలో విడిగా నడిచే మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే భాగంలో అలాంటి లోపాలే బయటపడ్డాయి. 1999లో మొదలైన కోర్‌బూట్ కూడా ఒక ఫర్మ్‌వేరే, కానీ దాని కోడ్‌ను ఎవరైనా చదివి సరిచేయవచ్చు. ప్రాసెసర్ కంపెనీలిచ్చే మూసిన ముక్కలు కొన్ని అందులోనూ ఉంటాయి, అయినా ఇప్పటికంటే ఎంతో మేలు. ఈ-పాలనలో ఇలా కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది.

దయచేసి ఆ పాస్‌వర్డ్‌లను నెలలోపు గ్రంథాలయానికి ఇప్పించండి. వచ్చే టెండర్లో కోర్‌బూట్ నడిచే యంత్రాలు, కెమెరాకు మూత, అప్‌డేట్లకు రాతపూర్వక హామీ షరతులుగా పెట్టించండి.

భవదీయుడు,
ఆ గ్రంథాలయ పాఠకుడు