గోడ మీద చెయ్యి వేసే ముందు

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

పొద్దున నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. చెల్లాయి ట్యూషన్ కోసం హాలుకీ పడగ్గదికీ మధ్య గోడ తీసేస్తున్నామని, మంగళవారమే మేస్త్రీ వస్తాడని చెప్పావు. ఆ మంగళవారాన్ని ఆపరా.

మీ నాన్నగారు ఆ ఇంటిని పిల్లర్లు లేకుండా కట్టించారు. స్లాబు గోడల మీదే కూర్చుంది. ముందు టేపు పెట్టి ఆ గోడ మందం కొలువు. పూతతో కలిపి పది అంగుళాలు వచ్చిందా, అది తొమ్మిదంగుళాల గోడ, బరువు మోస్తున్నట్టే అనుకో. సన్నగా ఉంటే మాత్రం ధైర్యం ఏముంది? పాత ఇళ్లలో నాలుగున్నర అంగుళాల గోడ మీద కూడా బరువు వాలి ఉంటుంది. మేడ మీద సరిగ్గా దాని నెత్తినే ఇంకో గోడ ఉందేమో చూడు. స్ట్రక్చరల్ ఇంజనీరుని ఒక్కసారి ఇంటికి తీసుకెళ్లు. తియ్యాల్సిందే అంటే ముందు రెండు వైపులా స్లాబుని కింద నుంచి మోసే ఇనుప ఊతాలు, అదే జాకీలు, బిగించి, తర్వాత కొంచెం కొంచెంగా గోడ విప్పి, బీమ్ ఎక్కించాలి. కాంక్రీటు బీమ్ అయితే కింద జాకీలు కనీసం 14 రోజులు కదపొద్దు.

మా ఇంట్లో మేస్త్రీ జాకీలు లేకుండానే గునపం వేశాడు. రెండో వరస ఇటుకలు లాగేసరికి పైన స్లాబు అంచున వెంట్రుక మందాన ఒక గీత పడింది. మా అమ్మ అదే గదిలో బియ్యం ఏరుకుంటోంది. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఇప్పటికీ ఆ గదిలోకి వెళ్తే నా కళ్లు ముందు పైకే పోతాయి.

ఇక మేడ మీద చిన్న గదిని వంటగది చేసి, పక్కన బాత్రూం పెడతానన్నావుగా. టైల్స్ ఎంచుకోవడం తర్వాత, ముందు నీళ్ల వాటం చూడు. బాత్రూం పైపు కిందికి దిగే చోటు దగ్గరగా ఉండాలి, అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి. అంత వాలు కోసం ఆ గది నేల ఎంత ఎత్తు లేపాలో ముందే లెక్క వేయించు. ఆ నింపే సరుకు బరువంతా మళ్లీ పాత స్లాబు మీదే పడుతుంది. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద నుంచి చెమ్మ దిగుతోందేమో చూశాకే టైల్స్ అతికించు.

స్లాబు అడుగున పెచ్చులు ఊడాయన్నావు. చిన్న సుత్తితో తట్టి చూడు. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా చెక్కించి, ఊచలకి పట్టిన తుప్పు గీకించాలి. పైన సిమెంటు పూసేస్తే తుప్పు లోపల తింటూనే ఉంటుంది. మీ వెనక గది గోడలు డంగు సున్నంతో కట్టినవి కదా, వాటికి సిమెంటు పూత వద్దు, చెమ్మ బయటికి పోలేక పెయింట్ పొక్కిపోతుంది. సున్నం పూతే వేయించు.

గీజర్‌కి, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా లాగించు, ఎర్తింగ్ కొత్తగా వేయించు. ట్యూషన్ పెడితే కరెంటు మీటర్ కేటగిరీ మారుతుందేమో ఆఫీసులో అడుగు.

నేను శనివారం వస్తున్నాను. టేపు, సుత్తి తెస్తాను. అంతవరకు మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వకు. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ,
రాము