అమెరికా పార్సిళ్లు మళ్లీ మొదలు, కానీ ‘గిఫ్ట్’ అని మాత్రం రాయం

అమెరికాలో ఉన్న మా కస్టమర్లకు నమస్కారం. ఆగస్టు చివర్లో ఆగిపోయిన పచ్చళ్లు, పొడుల పార్సిళ్లు ఈ నెల, అంటే 2025 అక్టోబరులో, మళ్లీ మొదలుపెడుతున్నాం. పాత రేటుకు మాత్రం కుదరదు.

800 డాలర్ల లోపు సరుకు అక్కడికి సుంకం లేకుండా వెళ్లేది. ట్రంప్ ప్రమాణం చేసిన రోజే, జనవరి 20న, ఆ మినహాయింపును సమీక్షించమని ఆదేశమిచ్చారు. జులై 30న సంతకం చేసిన ఉత్తర్వుతో ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ అది పోయింది. దానికి రెండు రోజుల ముందే మన దేశపు సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. మన పోస్టాఫీసులు కూడా బుకింగ్ ఆపేసి, అక్టోబర్ 15న మళ్లీ తెరిచాయి.

సెప్టెంబరులో కొన్ని డబ్బాలు కస్టమ్స్‌లో చిక్కుకోవడానికి కారణం ఈ సుంకం కాదు. మా కొరియర్ ఏజెంటు మాకు చెప్పకుండా ఇన్‌వాయిస్ మార్చి ‘ఇంట్లో చేసిన తిండి, గిఫ్ట్, 20 డాలర్లు’ అని రాశాడు. గిఫ్టుకు 100 డాలర్ల దాకా సుంకం లేని మాట నిజమే. కానీ అది డబ్బు తీసుకోకుండా ఒక మనిషి ఇంకో మనిషికి పంపేదానికే. డబ్బా తెరిస్తే లోపల మా లేబుల్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన ఆహార భద్రత సంస్థ) నంబరు, బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ, అంటే అమ్మకపు సరుకుకే ఉండే గుర్తులన్నీ ఉన్నాయి. పైన రాసింది అబద్ధమని అక్కడే తేలిపోతుంది. పైగా ఇంట్లో చేసిన గిఫ్టుకు అక్కర్లేదని, తిండి సరుకు వస్తోందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకు ఇచ్చే ముందస్తు నోటీసు కూడా పెట్టలేదు. అమ్మకపు సరుకుకు అది తప్పనిసరి. పోస్టులో అయితే పార్సిల్ వేయకముందే, విమానంలో వెళ్లే కొరియర్‌కైతే చేరడానికి కనీసం 4 గంటల ముందే పెట్టాలి.

ఏజెంటును అడిగితే ‘ఊరంతా ఇలాగే పంపుతోంది, మీకేంటి’ అన్నాడు. ఆ రోజే అతనితో లెక్క తేల్చుకున్నాం. గిఫ్ట్ అని రాసి సగం రేటుకే పంపుతామనేవాళ్లు మీకూ తగులుతారు. అటు వెళ్లే కస్టమర్లు ఉంటారని తెలుసు, ఆ భయంతో ఎంతో తర్జనభర్జన పడ్డాం. అయినా అమ్మినదాన్ని అమ్మినట్టే రాస్తాం. పార్సిల్ మీద ఉండేది మీ పేరు. రేపు ప్రశ్న వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరు. చిక్కుకున్న డబ్బాల డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తున్నాం.

ఇకపై పోస్టులోనే పంపుతాం. పోస్టులో అయితే, 2025 అక్టోబరు నాటికి, పార్సిల్ మీద రాసిన సరుకు విలువలో 50 శాతమే సుంకం. కొరియర్‌లో ఆ సరుకుకు మామూలుగా ఉండే సుంకం, క్లియరెన్స్ ఛార్జీ దానికి అదనంగా పడతాయి. ఆ లెక్కన 3,000 రూపాయల సరుకుకు 1,500 సుంకం. రవాణా ఖర్చు మీద సుంకం లేదు. బిల్లులో సరుకు ధర, సుంకం, రవాణా ఖర్చు మూడూ వేరువేరుగా చూపిస్తాం, సుంకం బుకింగ్ అప్పుడే కట్టేస్తాం కాబట్టి డబ్బా మీ గుమ్మానికి వచ్చాక ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు. సుంకాన్ని మేమే భరించి గానుగ నూనె బదులు చవక నూనె పోయమని చాలామంది సలహా ఇచ్చారు. ఆ పని చెయ్యం.

చికెన్, మటన్ పచ్చళ్లు అడగకండి. మన దేశపు మాంసాన్ని అక్కడి వ్యవసాయ శాఖ రానివ్వదు. ఆవకాయ, గోంగూర, కంది పొడి, కరివేపాకు పొడి వెళ్తాయి. అరకిలో గాజు సీసాలు మానేసి, రెండు పొరల వ్యాక్యూమ్ కవర్లలో పెడుతున్నాం. సీసా బరువుకూ మీరే డబ్బు కట్టడం అన్యాయం.

సుంకం తగ్గితే ఆ రోజు బుక్ చేసే పార్సిల్ నుంచే మీ బిల్లు తగ్గుతుంది. ఆగస్టులో డబ్బు కట్టి ఆగినవాళ్లు పంపమంటారో, వెనక్కి ఇమ్మంటారో వాట్సాప్‌లో ఒక్క మాట చెప్పండి.