కట్టెల పేరుతో నీళ్లు అమ్ముతున్నారు

సంపాదకులు గారికి నమస్కారం.

శ్రావణ మాసంలో పెళ్లిళ్లూ వానలూ ఒకేసారి వస్తాయి. ఆ రోజుల్లో మా విజయనగరం చుట్టుపక్కల ఏ కట్టెల అడితికైనా వెళ్లి చూడండి. భోగాపురం, పూసపాటిరేగ వైపు నుంచి వచ్చిన సరుగుడు కర్రలు, పాత తోటలు కొట్టేయగా వచ్చిన మామిడి దుంగలు, తుమ్మ, చింత అన్నీ నేల మీదే గుట్టగా పోసి ఉంటాయి. చాలాచోట్ల పైన కప్పు ఉండదు. అడుగు వరస బురదలో కూరుకుపోయి చెదలు పట్టి ఉంటుంది. దాన్నే కాటా మీద పెట్టి కిలో ఇంత అని అమ్ముతారు. తడిసిన కర్ర ఎక్కువ తూగుతుంది కాబట్టి అడితి వాళ్లకి నష్టం లేదు. పడేదంతా కొనేవాళ్ల నెత్తినే.

నేను పెళ్లిళ్లకీ కార్యాలకీ వంటలు చేసే మేస్త్రిని. కట్టె ఎలాంటిదో గాడిపొయ్యిలో పెట్టిన కాసేపటికే తెలిసిపోతుంది. పచ్చిదైతే కర్ర చివర నురగ కక్కుతూ సుయ్యిమంటుంది, మంట లేవదు. అన్నం గుండిగలో ఎసరు ఎంతకీ మరగదు. అవతల పంక్తికి టైమ్ అయిపోతుంటే ఇవతల మాకు టెన్షన్. పొయ్యి దగ్గర పనిచేసే ఆడవాళ్లు రోజంతా ఆ పొగ పీల్చి రాత్రికి దగ్గుతూ ఇళ్లకి వెళతారు. వాళ్ల కూలి పెరగదు గానీ మందుల ఖర్చు మాత్రం పెరుగుతుంది.

అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే. వంద కిలోల పచ్చి కట్టె కొంటే, అది బాగా మండేలా ఎండేసరికి 60 కిలోల పైచిలుకు మిగులుతుంది. తక్కినది మనం డబ్బిచ్చి కొన్న నీరు. నష్టం అక్కడితో ఆగదు. మరిగే నీరు ఒక్క కిలో ఆవిరి కావాలంటేనే 540 కిలో కేలరీల వేడి కావాలి. అంటే మంచి కట్టెలో కొంత ఆ నీటిని పోగొట్టడానికే తగలబడిపోతోంది.

గ్యాస్ ఉండగా ఇంకా కట్టెల గొడవేమిటని కొందరు అనవచ్చు. ఇళ్లలో వంట వరకు నిజమే. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లిచ్చే దీపం-2 పథకాన్ని ముఖ్యమంత్రి 2024 నవంబరు 1న మన పక్క శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలోనే మొదలుపెట్టారు, సంతోషం. కానీ ఐదారు వందల మందికి వండాలన్నా, బెల్లం వండాలన్నా ఇప్పటికీ కట్టెలే దిక్కు. అన్నిటికంటే ముఖ్యంగా శ్మశానంలో.

ఈ మాట రాయడానికి మనసు ఒప్పుకోదు, అయినా రాయాలి. ఒక చితికి మూడు నాలుగు వందల కిలోల కట్టె కావాలి. వానాకాలంలో ఆ కట్టె తడిసి ఉంటే చితి అంటుకోదు. డీజిల్ పోస్తారు, పాత టైర్లు వేస్తారు. కొడుకులు, అన్నదమ్ములు ఆ నల్ల పొగలో నిలబడి చూస్తూ ఉండాలి. అలాంటి సమయంలో కట్టె ఎండిందా లేదా, కాటా సరిగ్గా ఉందా అని అడిగే ఓపిక ఎవరికి ఉంటుంది? అడగలేని వాళ్లకే తడి కట్టె అంటగట్టడం నాకు చాలా బాధగా ఉంది.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. విశాఖ పోర్టుకీ ఫ్యాక్టరీలకీ సరుకుతో పాటు వచ్చే చెక్క ప్యాలెట్లు, అంటే సరుకు కింద వేసే చెక్క చట్రాలు, పాత సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. వాటి మీద కట్టె పేరిస్తే నేలకి నాలుగైదు అంగుళాల ఎత్తున ఉంటుంది. కింద నుంచి గాలి ఆడుతుంది, నీరు తగలదు, చెద పడితే కంటికి కనబడుతుంది. పైన రేకు చాలు, పక్కలు మూయకూడదు. చుట్టూ టార్పాలిన్ కప్పేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. దుంగల్ని ముందే చీల్చాలి. బెరడు తడిని పోనివ్వదు కాబట్టి గుండ్రటి దుంగ నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఎండిన పేళ్లని పది, ఇరవై కిలోల కట్టలుగా కట్టి, ఏ చెట్టు, ఎంత బరువు, ఎప్పుడు కొట్టారు అని చీటీ పెడితే కొనేవాడికి నమ్మకం, అమ్మేవాడికి లెక్క. ఎండిందో లేదో తేల్చుకోవడానికి యంత్రం కూడా అక్కర్లేదు. రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినవైతే ఠంగున మోగుతాయి, చివర్లలో నెర్రెలు కనబడతాయి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పాత ప్యాలెట్లనే విరగ్గొట్టి పొయ్యిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. విదేశాల నుంచి వచ్చిన వాటి మీద ముద్రలుంటాయి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. ఎంబీ ముద్ర ఉన్నవి, రసాయనాల మరకలున్నవి వంట పొయ్యిలోకి రానివ్వకూడదు.

తూనికలు, కొలతలకి 2009 నాటి చట్టం ఉంది. సరుకుని కిలోల్లోనే అమ్మాలి, కాటాకి తూనికలు, కొలతల శాఖ వారి ముద్ర ఉండాలి. అయినా ఆటో లోడు ఇంత, ట్రాక్టర్ లోడు ఇంత అనే బేరం మన దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. అధికారులు అడితిలకి వెళ్లి తనిఖీ చేయాలి. అయితే ఆ పేరు చెప్పి పార్వతీపురం, సాలూరు, సీతంపేట సంతలకి నెత్తిన మోపు మోసుకొచ్చే గిరిజన ఆడవాళ్లని మాత్రం ఇబ్బంది పెట్టవద్దు. వాళ్లు తెచ్చేది ఎక్కువగా ఎండు పుల్లలే. వాళ్ల మోపుకి సరైన తూకం, సరైన ధర దొరికేలా సంతలో ఒక కాటా పెట్టించగలిగితే అదే మేలు.

మార్చిలో చీల్చి పేర్చిన కట్టె మే నెల ఎండలకి ఎండిపోతుంది, జూన్ వానలకి సిద్ధంగా ఉంటుంది. కాబట్టి మున్సిపాలిటీ, పంచాయతీల వారు ఫిబ్రవరి లోపే శ్మశానాల దగ్గర రేకుల షెడ్లు వేయించి, ప్యాలెట్లు పరిపించాలి. కట్టెల టెండర్లలో పచ్చి కట్టె తీసుకోబోమని షరతు రాయాలి. కిలో ధర ఎంతో గేటు దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో పెట్టాలని మనవి.

ఇట్లు,
ఒక వంట మేస్త్రి,
విజయనగరం