రాఘవకు, ఆరో గది గురించి

న్యూయార్క్,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన రాఘవకు,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించు. ఇక్కడ అందరం కులాసా. నీ చెల్లెలి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, మనవడు తెలుగు ఒత్తులు దిద్దుతున్నాడు, చలి మాత్రం ఇంకా వదలలేదు. మిగిలిన విశేషాలు మరోసారి రాస్తాను, ఎందుకంటే నిన్న చూసిన ఇంటి సంగతి నీకు చెప్పేదాకా నా మనసు మరో విషయం మీదికి పోయేలా లేదు.

అమ్మాయి, అల్లుడు కొనాలనుకుంటున్న ఇల్లు అది. మన్‌హాటన్‌లో వెస్ట్ ఎండ్ ఎవెన్యూ అనే వీధిలో, 1920ల నాటి పదిహేనంతస్తుల భవనంలో, తొమ్మిదో అంతస్తున ఉంది. ప్రకటనలో ‘ప్రీవార్ క్లాసిక్ సిక్స్’ అని వేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టినవాటిని ఈ నగరంలో ప్రీవార్ ఇళ్ళంటారు. క్లాసిక్ సిక్స్ అంటే ఆరు గదులు: హాలు, భోజనాల గది, వంటగది, రెండు పడకగదులు, ఆరోది వంటగది వెనక పనిమనిషి కోసం కట్టిన చిన్న గది. స్నానాల గదులూ, నడవాలూ ఆ లెక్కలోకి రావు. నేను నీకు చెప్పవలసింది ఆ ఆరో గది గురించే, కాని అక్కడికి వీధి గుమ్మం నుంచి తీసుకువెళితేనే నీకు ప్లాను అర్థమవుతుంది.

ఆ వీధి పొడవునా భవనాలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తున ఉంటాయి. నివాస భవనం ఎత్తు వీధి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు మించరాదని 1901 నాటి చట్టం నిర్దేశించింది, కట్టినవాళ్ళు ఆ హద్దు దాకా కట్టి ఆగారు. 1904లో పక్కనున్న బ్రాడ్‌వే కింద సబ్‌వే రైలు మొదలయ్యాక ఇక్కడి స్థలాలకు గిరాకీ పెరిగింది, అంతకుముందున్న వరస ఇళ్ళు చాలావరకు కూల్చి ఈ అపార్ట్‌మెంట్లు లేపారు. ఎదుటి భవనానికి పరంజా కట్టి ఉంటే ఏం మరమ్మతని అడిగాను. 1979లో బ్రాడ్‌వే మీద ఒక పాత భవనపు ముఖభాగం నుంచి పెచ్చు ఊడిపడి కింద నడిచి వెళ్తున్న విద్యార్థిని చనిపోయిందట. మరుసటి ఏడే చట్టం వచ్చింది. ఆరంతస్తులు దాటిన ప్రతి భవనానికీ బయటి గోడలను అయిదేళ్ళకోసారి నిపుణుల చేత పరీక్ష చేయించి తీరాలి. నీకు ఇప్పుడు ఏ మేడ గుర్తుకొస్తోందో నాకు తెలుసు, దాని ఊసు వద్దు.

లోపలికి అడుగుపెడితే ముందుగా వచ్చేది హాలు కాదు, విశాలమైన ఒక నడవా. గదులన్నిటికీ దారి అక్కడి నుంచే, అయితే గుమ్మంలో నిలబడినవాడికి పడకగదులు కనిపించవు, వంటగది అసలే కనిపించదు. ఈ మర్యాద అంతా ప్లానులోనే ఉంది. నేల ఓకు చెక్కతో, చేప ముల్లు వరసలో పరిచినది. తొమ్మిదడుగులు దాటిన కప్పు, దాని కింద పూత పూసిన దూలాలు. నా అలవాటు కొద్దీ గోడను వేలి కణుపుతో కొట్టి చూశాను. మన పెద్దాపురం బంగళాలో వినిపించిన చప్పుడు కాదు, నవ్వకు! మందంగా మెత్తిన ప్లాస్టరు వెనక దిమ్మెల గోడ. పక్క ఫ్లాటులో పిల్లలున్నారని ఏజెంటు చెబితేనే తెలిసింది.

కిటికీల కింద, గదిని వెచ్చబరిచే ఇనుప రేడియేటర్లున్నాయి. నేలమాళిగలోని బాయిలరు నుంచి ఆవిరి ఒకే గొట్టంలో పైకి వస్తుంది, చల్లబడి నీరై అదే గొట్టంలో కిందికి దిగుతుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి తరువాత, తాజా గాలి కోసం చలికాలంలో కూడా కిటికీలు తెరిచి ఉంచేందుకు వీలుగా వీటిని పెద్దవిగా లెక్కకట్టారని అంటారు. అందుకే నిన్నటి చలిలోనూ ఆ ఇంట్లో ఒక కిటికీ తెరిచే ఉంది. గొట్టం వాలు ఎంత ఇచ్చారో చూడాలని నేను వంగేసరికి అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లేపింది.

ఇక కొనడం సంగతి. డబ్బు కట్టినా ఇల్లు నీ పేరిట రాదు, రాఘవా! ఇది కో-ఆప్. భవనమంతా ఒక కంపెనీ ఆస్తి, కొన్నవాళ్ళకు దక్కేది ఆ కంపెనీలో కొన్ని వాటాలు, ఆ వాటాలతో పాటు ఫ్లాటులో నివసించే హక్కునిచ్చే లీజు. నెలనెలా కట్టే మెయింటెనెన్సులో సిబ్బంది జీతాలు, బాయిలరు ఖర్చు, ఆస్తిపన్ను, భవనం మీద అప్పుంటే దాని వాయిదా కలిసి ఉంటాయి. ధర రెండు మిలియన్ డాలర్ల పైచిలుకు కాబట్టి, కొనేవాళ్ళు ‘మాన్షన్ ట్యాక్స్’ అనే పన్ను 1.25 శాతం వేరే కట్టాలి. ఇదంతా సమకూర్చుకున్నా నివాసులు ఎన్నుకున్న బోర్డు ఒప్పుకోవాలి. ఆదాయపు పన్ను కాగితాలు, బ్యాంకు లెక్కలు, తెలిసినవాళ్ళ సిఫారసు ఉత్తరాలు అన్నీ ఇచ్చాక ఇంటర్వ్యూకు పిలుస్తారు, కారణం చెప్పకుండా కాదనవచ్చు. జాతి, మతం వంటివి చూసి కాదనకూడదని చట్టం ఉన్నమాట నిజమే, కాని కారణమే చెప్పనక్కరలేనప్పుడు... సరే, ఆ ఆలోచన ఇక్కడితో ఆపుతాను. పిల్లలిద్దరూ కష్టపడి పైకి వచ్చినవాళ్ళు, బోర్డువారు వాళ్ళను ఒక్కసారి చూస్తే చాలని నా నమ్మకం.

భోజనాల గదిలో ఏజెంటు తివాచీ అంచు ఎత్తి, నేలలో బిగించిన చిన్న ఇత్తడి బిళ్ళ చూపించింది. బల్ల కింద ఇంటావిడ కాలితో దాన్ని నొక్కితే వంటగదిలో గంట మోగేదట. గంట విని వచ్చే మనిషి ఉండేది ఆరో గదిలో. ఒక మంచం, ఒక బీరువా పడితే నిండిపోయే గది, గాలీ వెలుతురూ కోసం భవనం లోపల బావిలా వదిలిన ఇరుకైన ఖాళీ వైపు ఒక కిటికీ, పక్కనే ఇరుకైన స్నానాల గది. వంటగదిలో నుంచి వెనక గుమ్మం, ఆ గుమ్మానికి వేరే లిఫ్టు. ఆ కాలంలో ఈ నగరపు ఇళ్ళలో ఐర్లండు నుంచి వచ్చిన పడుచులు, దక్షిణాది రాష్ట్రాల నుంచీ కరీబియన్ దీవుల నుంచీ వచ్చిన నల్లజాతి స్త్రీలు ఇలాంటి గదుల్లో ఉండి పనిచేశారు. ఇల్లంతటినీ నడిపిన మనిషికి ఇంత తక్కువ వెలుతురు పంచిన ప్లానును, అంతవరకు మెచ్చుకుంటూ వచ్చిన నేను, ఆ గుమ్మంలో ఏమీ అనలేక నిలబడ్డాను.

అల్లుడు ఆ గోడ తీయించి వంటగది పెద్దది చేద్దామంటున్నాడు. ఇక్కడ చాలామంది చేసే పనే అది. నాకు మాత్రం ఆ గది ఉండాలని గట్టిగా ఉంది. గోడ తీస్తే అది ఆరు గదుల ఇల్లు కాదు, అమ్మవలసి వచ్చిన రోజున ఆ పేరు పెట్టుకోవడానికీ వీలుండదు. అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. నేనూ నీ చెల్లెలూ వచ్చినప్పుడల్లా పిల్లవాడి గది ఖాళీ చేయించకుండా ఉండడానికి మాకంటూ ఉన్న చోటు అదొక్కటే. కిటికీకి తెల్లరంగు వేసి, మంచి దీపం పెట్టించి, నేను అందులో సంతోషంగా ఉంటాను. ఈ మాట అల్లుడితో చెప్పాలా, వద్దా? అతను మంచివాడు, చెబితే వెంటనే ఒప్పుకుంటాడు, అందుకే చెప్పడానికి సంకోచిస్తున్నాను. ఇళ్ళ ప్లానులు గీయడంలో నీ చెయ్యి తిరిగింది కాబట్టి అడుగుతున్నాను: గోడ అలాగే ఉంచి, వంటగదికి వెలుతురు వచ్చేలా పైభాగంలో అద్దాల కిటికీ పెడితే ఎలా ఉంటుంది? వెనక పేజీలో కొలతలతో బొమ్మ గీశాను, చూసి వెంటనే రాయి.

ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళడానికి అమ్మాయి కోటు వేసుకుని తొందరపెడుతోంది, ఏజెంటు అక్కడ ఇంకో అరగంటే ఉంటుందట, టేపు నా జేబులోనే ఉంది. చెల్లెమ్మకు ఆశీస్సులు.

నీ
సత్యం