మంత్రి గారూ, మా వేపచెట్టు కింద సాక్ష్యం తుప్పు పడుతోంది

రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి రెండింటికీ ఉలుకూ పలుకూ లేదు. మూడోది సోమవారం గ్రీవెన్స్‌లో క్యూలో నిలబడి ఇచ్చాను. పది రోజులకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: ‘మీ అర్జీ పరిష్కరించబడినది.’ అది చదివి మా ఆవిడ కిటికీలోంచి వేపచెట్టు వైపు చూసింది. కారు అక్కడే ఉంది.

నాది మండల కేంద్రంలో చిన్న ఫొటో స్టూడియో. పెళ్లిళ్లకి లైట్లూ కెమెరాలూ మోసే పాత డీజిల్ కారు అది. క్లచ్ జారుతోందని వర్క్‌షాప్‌లో ఇస్తే పని వివరాలు రాసే జాబ్ కార్డు మీద అంచనా ఖర్చు 18,500 అని రాశారు. తీరా బిల్లు 61,740. మధ్యలో ఫోన్ చేసి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. పాత సామాను ఇమ్మంటే గోనెసంచిలో వేసిచ్చారు. ఇంటికొచ్చి విప్పితే అందులో రెండు క్లచ్ ప్లేట్లు, అవీ వేర్వేరు సైజులు. నా కారుకి ఉండేది ఒక్కటే కదండీ! నలభై కిలోమీటర్లు తిరిగిందో లేదో మళ్లీ అదే కాలిన వాసన. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. లాక్కొచ్చి చెట్టు కింద పెట్టాం.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, వాళ్లు వర్క్‌షాప్‌కి రాశారు. ‘కస్టమర్ సంతృప్తి చెందారు’ అని జవాబొచ్చింది. సరే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. 5 లక్షల దాకా ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, నిజమే. ఆ మేలు కాదనను. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్‌లో, అవతలి పార్టీకి నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలనీ, వస్తువుని పరీక్షించాల్సొస్తే ఐదు నెలలనీ రాసింది మీకు నేను చెప్పక్కర్లేదు. నాకు రెండేళ్లు దాటింది. ఒక వాయిదాకి మెంబరు లేరు, ఇంకోదానికి విచారణకి కావాల్సినంత మంది (కోరం) లేరు, మరోదానికి వాళ్ల లాయరు గారికి జ్వరం. ఊరికే వాయిదా ఇవ్వకూడదనీ, ఇస్తే ఖర్చులు వేయాలనీ అదే సెక్షన్‌లో ఉంది. నా బస్సు చార్జీల సంగతి ఇప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకో వింత వినండి. నేను కారుతో సంపాదిస్తున్నాను కాబట్టి అసలు వినియోగదారుణ్నే కానని వర్క్‌షాప్ వాళ్ల వాదన. సొంత ఉపాధికి వాడుకునేవాడూ వినియోగదారుడేనని చట్టంలోనే ఉందని చెప్పడానికి నాలుగు వాయిదాలు పట్టింది.

అసలు బాధ ఇక్కడుంది. కారే నా సాక్ష్యం. బాగుచేయిస్తే సాక్ష్యం పోతుంది, చేయించకపోతే బతుకు పోతుంది. కమిషన్‌లో నిపుణుడితో చూపించమన్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరికి వెళ్తే ‘నాకు పై నుంచి లెటర్ రావాలి’ అన్నారు. పాలిటెక్నిక్ మాస్టారు కోర్టు అనగానే చేతులెత్తేశారు. ఈలోగా బ్యాటరీ చచ్చింది, టైర్లు నేలకంటుకున్నాయి, డ్యాష్‌బోర్డు వెనక ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరికేశాయి. రేపు ఆ లాయరు గారు ‘చెడగొట్టింది మేం కాదు, ఎలుకలు’ అంటే నేనేం చెప్పను? ఎలుకలకి నోటీసు పంపమంటారా?

ప్రతి డిసెంబరు 24కీ జిల్లా కేంద్రంలో బ్యానర్ కడతారు, ‘మేలుకో వినియోగదారుడా’ అని. మేలుకున్నానండీ. అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు.

కమిషన్‌లో ఖాళీలు నింపండి. నింపడం మీ ప్రభుత్వం చేతిలో పనే. బండి చూసి రిపోర్టు ఇచ్చేవాళ్ల జాబితా ఒకటి ప్రతి జిల్లాకీ ఇవ్వండి. వీడియోలో విచారణకి చట్టం ఒప్పుకుంటుంది, మా జిల్లాలోనూ ఒప్పుకునేలా చూడండి. ఇవన్నీ కుదరకపోతే కనీసం ఆ ఖాళీలైనా నింపండి. దండం పెట్టి అడుగుతున్నాను.

వచ్చే వాయిదా 17న. ఆ రోజే ఒక పెళ్లి ఒప్పుకున్నాను, అడ్వాన్సు కూడా తీసుకున్నాను. లైట్లకి అద్దె కారు మాట్లాడాలి, డ్రైవరుతో కలిపి 2,500 అంటున్నాడు. కమిషన్‌కి వెళ్లమంటారా, పెళ్లికి వెళ్లమంటారా? ఈసారైనా జవాబు రాయండి. ‘పరిష్కరించబడినది’ అని మాత్రం వద్దు.

ఇట్లు,
మీ శాఖ లెక్కల్లో సమస్య తీరిపోయిన ఒక వినియోగదారుడు