మా వాడు ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు

మా అయిదేళ్ల బాబుకి మొన్న హెర్నియా ఆపరేషన్ అయింది. కులాసాగా ఉన్నాడు. సర్జన్ గారికి ఎలాగూ రుణపడి ఉన్నాం. కానీ నేను ముఖ్యంగా దండం పెట్టాల్సింది మత్తు డాక్టరమ్మకి, ఆవిడతో ఉన్న సిస్టర్‌కి.

రెండేళ్ల కిందట వేరే ఆసుపత్రిలో రెండో వైపు హెర్నియాకి ఆపరేషన్ చేయించాం. అప్పుడు నా మెడ పట్టుకుని వేలాడుతున్నవాణ్ణి విడదీసి లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూశాక కూడా అరుపులు వినబడ్డాయి. ఆ తర్వాత చాలా రోజులు రాత్రిళ్లు పక్క తడిపాడు. మొహం మీదికి తువ్వాలు వస్తే చాలు, కెవ్వుమనేవాడు. అందుకే ఈసారి వాడికన్నా నాకే ఎక్కువ టెన్షన్.

డాక్టరమ్మ వచ్చి ముందు నాతో కాదు, వాడితో మాట్లాడారు. "నీకు ఏ ఆటంటే ఇష్టం?" అన్నారు. కార్లన్నాడు. ప్లాస్టిక్ కవర్ తొడిగిన ట్యాబ్ చేతికొచ్చింది. ఇంట్లో ఫోన్ ముట్టుకోనివ్వని తల్లిని, నోరు మూసుకుని కూర్చున్నాను. మత్తు ఇవ్వాలంటే ఘనాహారం ఆపి ఆరు గంటలు, నీళ్లు ఆపి రెండు గంటలు దాటాలి కదా, అప్పటిదాకా నీళ్లు నీళ్లని నస పెట్టినవాడు ఆ మాటే మర్చిపోయాడు.

పిల్లల భయం రెండు చోట్ల బాగా పెరుగుతుందట: అమ్మానాన్నల్ని విడిచేటప్పుడు, మత్తు మాస్క్ పెట్టేటప్పుడు. కార్టూనైతే ఊరికే చూస్తారు, ఆటైతే చేతులకీ పని ఉంటుందన్నారావిడ. అవసరమైతే ఇవ్వడానికి భయం తగ్గించే మిడజోలం సిరప్ కూడా సిద్ధంగా పెట్టుకున్నారు, కొందరు పిల్లలకి అది కావాల్సిందేనట. మా వాడికి అక్కర్లేకపోయింది.

సిస్టర్ మాస్క్‌ని ముందే వాడి చేతికిచ్చి "రేసు డ్రైవర్‌కి ఇది ఉండాలిగా" అన్నారు. వాడే పెట్టుకున్నాడు, తీశాడు, నాకూ పెట్టాడు. స్ట్రెచర్ కదిలినప్పుడు ట్యాబ్ కూడా వెంటే వెళ్లింది. థియేటర్ తలుపు దగ్గర నేను చెయ్యి ఊపాను. వాడు తలెత్తితే ఒట్టు! మలుపులో ఉన్నాడు మరి. లోపల మాస్క్ పెట్టుకునే కార్ల ఆట ఆడుతూ ఉన్నాడనీ, బొటనవేలు కదలడం ఆగేదాకా ట్యాబ్‌ని తనే పట్టుకున్నాననీ సిస్టర్ తర్వాత చెప్పారు.

మెలకువ వచ్చాక కాసేపు చిరాకుపడ్డాడు, నిజమే. తర్వాత "నా కారేది?" అన్నాడు. సిస్టర్ ఆటని ఆపిన చోటే ఉంచి, తెచ్చి చూపించారు.

థాంక్స్ సిస్టర్. థాంక్స్ డాక్టరమ్మా. నిన్న వాడు తన టెడ్డీకి గిన్నెతో మాస్క్ పెడుతున్నాడు.